బొటనవేలి గిటారు: వెస్ మాంట్‌గమరీ విశేషాలు

కళాకారుడి గొప్పను అట్ట మీదే అచ్చేసి అమ్మడం రికార్డు కంపెనీలకు పాత అలవాటు. న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ కంపెనీ 1960లో అదే పని చేసింది. ఆ ఎల్పీ పేరు 'ద ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్ ఆఫ్ వెస్ మాంట్‌గమరీ'. నా మటుకు ఆ పొగడ్త చెల్లింది. రికార్డింగు జరిగింది ఆ ఏడాది జనవరి 26, 28 తేదీల్లో. మొత్తం 8 పాటలు, అందులో సగం వెస్ సొంత బాణీలే.

ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్ల చేతిలో సాధారణంగా పిక్ ఉంటుంది, తీగలు మీటే చిన్న పలక. వెస్ చేతిలో అది ఉండేది కాదు. కుడి బొటనవేలి కండతోనే తీగలన్నీ మీటేవాడు. కారణం కళ కాదు, ఇరుగుపొరుగు. ఇండియానాపోలిస్‌లో పగలంతా పని చేసి ఇంటికొచ్చి రాత్రిపూట సాధన చేస్తుంటే ఆంప్లిఫైయర్ మోతకు చుట్టుపక్కలవాళ్లకు నిద్ర పట్టేది కాదు. పిక్ పక్కన పడేసి వేలితో మీటి చూస్తే మోత తగ్గింది, నాదం గుండ్రంగా, మెత్తగా మారింది. ఇక పిక్ జోలికి పోలేదు. వేగం కావాలంటే కిందికీ పైకీ రెండు వైపులా మీటాలని గిటారు మాస్టార్లు మొదట్లోనే చెప్తారు. వెస్ మాత్రం విడి స్వరాలను దాదాపు కిందికి మీటుతూనే లాగించేవాడు. 'ఎయిరెజిన్' వింటే ఆ సంగతి నమ్మబుద్ధి కాదు, అంత పరుగు.

ఆ 'ఎయిరెజిన్' ఏమిటంటారా? శాక్సోఫోన్ విద్వాంసుడు సోనీ రాలిన్స్ కట్టిన బాణీ. నైజీరియా పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వెనక నుంచి రాస్తే అదే.

వెస్ పేరు చెప్పగానే గిటారు తెలిసినవాళ్లకు గుర్తొచ్చేది ఆక్టేవులు. కింది షడ్జమం, పై షడ్జమం ఒకేసారి మోగినట్టు, ప్రతి స్వరాన్నీ రెండు స్థాయిల్లో జంటగా పలికించడం అన్నమాట. రెండు తీగల మధ్య ఇంకో తీగ అడ్డం ఉంటుంది. అది మోగకుండా ఎడమచేతి వేలితోనే నొక్కి పట్టాలి. చెయ్యి తీగల మీద అటూ ఇటూ పరుగెడుతున్నప్పుడు కూడా ఆ పట్టు సడలకూడదు. ఇది వెస్ కనిపెట్టిన పద్ధతి కాదు, అంతకుముందే గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ చేశాడు. కానీ అక్కడక్కడా మెరిపించి వదిలేసే సొగసును వెస్ మనోధర్మం మొత్తానికీ వాహనం చేసుకున్నాడు. మొదట్లో ఈ సాధనతో తనకు తలనొప్పి వచ్చేదని అతనే చెప్పాడు. ఈ రికార్డులో 'వెస్ట్ కోస్ట్ బ్లూస్' వినండి. మామూలుగా నాలుగేసి దెబ్బల లెక్కలో నడిచే బ్లూస్ ఇక్కడ మూడేసి లెక్కలో ఊగుతుంది. సోలో ముందు విడి స్వరాలతో మొదలై, తర్వాత ఆక్టేవుల్లోకి ఎక్కి, చివరికి నిండు కార్డ్‌లతో ముగుస్తుంది. ఈ మూడు అంచెల అమరిక వెస్ సోలోల్లో పదేపదే కనిపిస్తుంది.

అతనికి నొటేషన్ చదవడం వచ్చేది కాదు. వినికిడి విద్యలో పుట్టిన మనకు ఇది వింతేమీ కాదు గానీ, అమెరికా స్టూడియోల్లో కాగితం చూసి వాయించేవాళ్ల మధ్య వింతే. 1943లో, కొత్తగా పెళ్లయిన రోజుల్లో, గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. క్రిస్టియన్ అప్పటికే, 25 ఏళ్లకే, క్షయతో పోయాడు. ఆయన సోలోలను వెస్ స్వరం పొల్లుపోకుండా చెవితో పట్టేశాడు. ఆ బలంతోనే ఓ క్లబ్బులో పని దొరికింది. అవి వాయించడం, దిగిపోవడం. వేరేవి అడిగితే రావు!

ఇక అతని దినచర్య. తెల్లారింది మొదలు మధ్యాహ్నం దాకా రేడియో ఫ్యాక్టరీలో పని. రాత్రి 9 నుంచి 2 దాకా ఒక బార్‌లో వాయింపు. ఆ తర్వాత 2:30 నుంచి 5 దాకా మిసైల్ రూమ్ అనే ఇంకో క్లబ్బులో. ఇంట్లో భార్య సెరీన్, ఏడుగురు పిల్లలు. నిద్ర ఎప్పుడో లెక్క మీరే కట్టుకోండి. 1959లో మిసైల్ రూమ్‌లో ఆ వేళకాని వేళ అతన్ని విన్న శాక్సోఫోన్ విద్వాంసుడు కానన్‌బాల్ ఆడర్లీ, న్యూయార్క్ వెళ్లగానే రివర్‌సైడ్ నిర్మాత ఓరిన్ కీప్‌న్యూస్ వెంటపడ్డాడు. అదే ఏడాది స్వరకర్త గుంతర్ షుల్లర్ పత్రికలో రాసిన మెచ్చుకోలు కూడా తోడైంది. కీప్‌న్యూస్ స్వయంగా ఇండియానాపోలిస్ వెళ్లి ఒప్పందం చేసుకొచ్చాడు. వెస్‌కు అప్పటికి 36 ఏళ్లు.

1960 రికార్డులో పక్కవాద్యాలూ తక్కువవి కావు. పియానో మీద టామీ ఫ్లానగన్. అంతకుముందు ఏడాదే శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ 'జయంట్ స్టెప్స్'కు వాయించింది ఆయనే. బాస్, డ్రమ్స్ మీద పెర్సీ హీత్, ఆల్బర్ట్ హీత్ అన్నదమ్ములు. తర్వాత 1961లో మాంటెరే జాజ్ ఉత్సవంలో వెస్ కోల్ట్రేన్ బృందంతోనే వేదికెక్కాడు.

డబ్బు మాత్రం జాజ్‌తో రాలేదు, పాప్‌తో వచ్చింది. 1967లో బీటిల్స్ పాట 'ఎ డే ఇన్ ద లైఫ్' పేరుతోనే తీసిన ఆల్బమ్ బాగా అమ్ముడుపోయింది. జాజ్ విమర్శకులు ముఖం చిట్లించారు. ఏడుగురు పిల్లల తండ్రిని తప్పుపట్టడం తేలికే! ఆ సుఖం ఎక్కువ రోజులు దక్కలేదు. 1968 జూన్ 15న, 45 ఏళ్లకే, గుండెపోటుతో పోయాడు. 1960 నాటి రికార్డు మాత్రం అమెరికా జాతీయ ధ్వనిముద్రణల జాబితాకెక్కింది, 2016 ఎంపికల్లో.

ఇంకొకటి. వెస్ అన్నయ్య మాంక్ కూడా చరిత్రలో ఉన్నాడు. జాజ్‌లో ఎలక్ట్రిక్ బాస్‌ను మొట్టమొదట పట్టినవాళ్లలో ఒకడు. బొగ్గు, ఐసు అమ్మిన డబ్బుతో తాకట్టు కొట్టులో నాలుగు తీగల గిటారు కొని చిన్నప్పుడే తమ్ముడి చేతికిచ్చింది ఆయనే.