వెల్లుల్లి గడ్డ రెబ్బలుగా విడిపోవడానికి చలి అవసరం
తీర మండలాల్లో సాగుపై వివరణ

మొగల్తూరు (పశ్చిమ గోదావరి జిల్లా): సముద్రతీరాన గల మొగల్తూరు మండలంలోని మెరక ఇసుక నేలల్లో వెల్లుల్లి నాటితే, మొక్క ఏపుగా పెరిగినప్పటికీ, పీకి చూసేసరికి రెబ్బలు విడిపోని ఒంటి గడ్డ కనిపించే అవకాశం ఎక్కువ. అట్టి సందర్భాలలో నకిలీ విత్తనమన్న ఆరోపణ రావడం సహజం. ఎకరాకు సుమారు 200 కిలోల రెబ్బలు నాటవలసి ఉన్నందున, పంట పోయిన రైతు ఆవేదనను తేలికగా తీసుకొనుటకు వీలులేదు. అయితే నిర్ధారణకు రాకముందు చలి సంగతి పరిశీలించవలసి ఉంది.

వెల్లుల్లి స్వభావరీత్యా శీతల ప్రాంతపు పంట. నాటిన రెబ్బగానీ, లేత మొక్కగానీ కొన్ని వారాలపాటు చల్లదనాన్ని అనుభవించిన తరువాతనే దానిలో కొత్త రెబ్బల మొగ్గలు ఏర్పడతాయి. ఆపై పగటి కాలం పెరిగి, ఎండ ముదిరినప్పుడు గడ్డ ఊరుతుంది. చలి చాలనప్పుడు ఆకులే పెరుగుతాయి, లేదా గడ్డ ఒంటిగా ఉండిపోతుంది. హిమాచల్ ప్రదేశ్, కాశ్మీర్ కొండల్లో శరదృతువులో నాటిన పంట శీతకాలమంతా నేలలోనే ఉండి వేసవిలో చేతికి వస్తుంది. ఐరోపా, ఉత్తర అమెరికాలలోని అతిశీతల ప్రాంతాల్లో మంచు దెబ్బ తగలకుండా మళ్లపై గడ్డి కప్పుతారు. మొగల్తూరులో అటువంటి రక్షణ అవసరమే లేదు. ఇక్కడ కరవైనది చలియే. జనవరిలో సైతం రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 18 నుంచి 20 డిగ్రీల పరిసరాల్లోనే ఉంటుంది. మన రాష్ట్రంలోనే లంబసింగిలో అది 5 డిగ్రీల దిగువకు పడిపోయే రోజులున్నాయి.

నాటే అదను మరొక చిక్కు. మైదాన ప్రాంతాల్లో అక్టోబరు, నవంబరు నెలలు అనుకూలం. డెల్టాలో అప్పటికి సార్వా వరి ఇంకా చేలలోనే ఉంటుంది. తుపానులు వచ్చేదీ ఆ నెలల్లోనే. వరి కోసిన పిదప నాటితే ఉన్న కొద్దిపాటి చలికాలమూ సగం గడిచిపోతుంది. కావున కొబ్బరి నీడ పడని మెరక దొడ్లే దీనికి తగినవి. ఉప్పునీటి బోరు ఉన్నచోట ఈ పంట జోలికి పోకపోవడమే మేలు.

పుణె సమీపంలోని రాజగురునగర్‌లో గల ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ రూపొందించిన భీమా పర్పుల్ రకాన్ని ఆంధ్రప్రదేశ్‌కు కూడా సిఫారసు చేశారు. రాష్ట్రానికి సిఫారసు అంటే ప్రతి తీర గ్రామానికీ అని అర్థం కాదు. కొండ ప్రాంతపు రకాలను, బజారులో వంటకు కొన్న గడ్డలను విత్తనంగా వాడటం మరింత సాహసం. విత్తనపు గడ్డలను నాటుటకు ముందు నెల, రెండు నెలలపాటు 5 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో ఉంచే పద్ధతి కలదు. ఇది కొంతవరకు సహాయపడుతుంది గానీ, మోతాదు మించితే గడ్డ వంకరపోయి పక్క పిలకలు వస్తాయి. ముందుగా రెండు, మూడు మడులలో పరీక్షించి చూడవలెను.

పంట విఫలమైన చోటికి వెళ్లే అధికారులు, పాత్రికేయులు నాటిన తేదీ, విత్తనం నిల్వ చేసిన తీరు, నీటి ఉప్పదనం విచారించి, అదే విత్తనం మరోచోట ఎట్లా పండినదో తెలుసుకొనవలసి ఉంటుంది. అక్కడ గడ్డ రెబ్బలుగా విడిపోయి ఉంటే లోపం విత్తనంలో ఉండే అవకాశం తక్కువ. రెండుచోట్లా విఫలమైతే రైతు ఫిర్యాదుకు బలం చేకూరుతుంది. ఒంటి గడ్డలను మాత్రం పారవేయనక్కరలేదు. అవి వంటకు పనికివస్తాయి. చలి దొరికే చోట తిరిగి నాటితే రెబ్బలుగా విడిపోతాయి.