పురిటి నొప్పులు - తొలి దశ

కావ్యరచనను ప్రసవవేదనతో పోల్చడం మన కవులకూ విమర్శకులకూ పరిపాటి. తరగతిలో మేమూ ఆ పోలికను చెబుతూనే ఉంటాము. ఉపమేయాన్ని గురించి గంటల తరబడి ప్రసంగించగల మనము ఉపమానాన్ని గురించి నాలుగు వాక్యాలు చెప్పలేకపోవడం వింతయే. నొప్పులు ఎలా మొదలవుతాయి, ఎంతసేపు ఉంటాయి, ఆసుపత్రికి ఎప్పుడు బయలుదేరాలి అన్న ప్రశ్నలకు జవాబులు మన ఇండ్లలో పెద్ద ఆడవారి మధ్య గుసగుసలుగానే మిగిలిపోయినవి.

కళాశాల సంచికలో ఇటువంటి విషయమా అని పాలకవర్గంలోని పెద్దలకు అనిపించవచ్చు. ఉర్దూలో పురిటి నొప్పులను దర్ద్-ఎ-జెహ్ అంటారు. ఖుర్ఆన్‌లోని మర్యం అధ్యాయంలో ఆ మహాతల్లి నొప్పులు పడుతూ ఖర్జూరపు చెట్టు మొదలును ఆశ్రయించిన సంగతి దాపరికం లేకుండా చెప్పబడినది. ఇక మనకు సంకోచమెందుకు? మా విద్యార్థినులలో పలువురు కొద్ది సంవత్సరాలలో తల్లులవుతారు. విద్యార్థులలో పలువురు అర్ధరాత్రి బండి కోసం పరుగెత్తవలసిన భర్తలో, మరుదులో, తమ్ములో అవుతారు. బయలుదేరాలా, ఆగాలా అన్న నిర్ణయం ఆ రాత్రి తరచుగా వారి చేతిలోనే ఉంటుంది. మేము వైద్యులము కాము. వైద్యశాస్త్రం నేడు స్థిరపరచిన విషయాలను తెలుగులో విడమరచి చెప్పడం వరకే మా పని.

ముందుగా తేదీ సంగతి. చివరి బహిష్టు మొదటి రోజు నుండి 280 రోజులు, అనగా 40 వారాలు లెక్కగట్టి వైద్యులు కాన్పు తేదీ వ్రాసి ఇస్తారు. సరిగ్గా ఆ రోజుననే ప్రసవించేవారు నూటికి నలుగురైదుగురికి మించరు. 37 వారాలు నిండినది మొదలు 42 వారాల లోపల ఎప్పుడైనా నొప్పులు రావచ్చును. ఆ తేదీ దాటిన మరునాడే ఇరుగుపొరుగువారు వచ్చి "ఇంకా కాలేదా" అని అడిగి గర్భిణిని కలవరపెట్టడం మంచిది కాదు.

తొలిచూలు స్త్రీలలో కాన్పుకు రెండు మూడు వారాల ముందే బిడ్డ తల కటిలోనికి దిగుతుంది. పొట్ట జారినట్లు కనిపిస్తుంది. ఊపిరి తేలికవుతుంది గాని మూత్రానికి మాటిమాటికీ వెళ్లవలసి వస్తుంది. ఈ రోజులలోనే దొంగనొప్పులు కూడా వస్తాయి. వీటిని 1872లో వర్ణించిన ఆంగ్ల వైద్యుడు జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ పేరుతోనే వైద్యులు నేటికీ వీటిని పిలుస్తారు. పొట్ట గట్టిపడుతుంది, కాసేపటికి సడలుతుంది. నాలుగడుగులు నడిచినా, మంచినీరు త్రాగి ప్రక్కకు తిరిగి పడుకున్నా అవి తగ్గిపోతాయి. నిజమైన నొప్పులు అలా తగ్గవు. నడుము నుండి బయలుదేరి ముందుకు చుట్టుకుంటాయి. రానురాను దగ్గరవుతాయి, ఎక్కువసేపు నిలుస్తాయి, బలపడతాయి. ఛందస్సు చదివినవారికి ఒక్క మాటలో చెప్పవచ్చు: దొంగనొప్పులకు లయ లేదు, నిజమైన నొప్పులకు లయ ఉన్నది. గడియారం ముందుంచుకొని ఒక నొప్పి మొదలు నుండి మరు నొప్పి మొదలు వరకు ఎన్ని నిమిషాలో కాగితం మీద వ్రాసుకోవడమే దానికి పరీక్ష. ఇంటిలోని చదువుకున్న పిల్లవాడు ఆ రాత్రి చేయదగిన మొదటి సాయం ఇదే.

ఇంతకూ లోపల జరిగేది ఏమిటి? గర్భసంచి కండరంతో చేసిన సంచి. దాని మూతి నెలలన్నీ బిగించుకొని ఉంటుంది. బిగుతు మెడగల బనియనును తల మీదుగా తొడుగుకొనేటప్పుడు మెడపట్టీ మొదట పలుచబడి, పిమ్మట వెడల్పవుతుంది గదా! నొప్పి వచ్చిన ప్రతిసారీ పైభాగపు కండరం కుంచించుకొని, బిడ్డ తల మీదుగా ఆ మూతిని అదే తీరున పైకి లాగుతుంది. మూతి మొదట మెత్తబడి పలుచనై, తరువాత కొంచెం కొంచెంగా తెరుచుకొని 10 సెంటీమీటర్లకు వచ్చినప్పుడు తొలి దశ ముగుస్తుంది. మూతిని మూసి ఉంచిన జిగురు, సన్నని రక్తపు చారలతో, ఈ సమయంలోనో రెండు మూడు రోజుల ముందో బయటపడుతుంది. దీనికి భయపడనక్కరలేదు. ముట్టు మాదిరిగా రక్తం కారితే అది వేరు. ఆ మాట తరువాత చెబుతాము.

ఈ తొలి దశలోనూ రెండు భాగాలున్నవి. మొదటిది నెమ్మదిగా సాగే భాగం. అర నిమిషం నొప్పి, పది పదిహేను నిమిషాల విరామం. ఆ విరామంలో మనిషి మాట్లాడగలదు, నవ్వగలదు, నిద్ర కూడా పోగలదు. తొలి కాన్పులో ఇది కొన్ని గంటలు ఉండవచ్చు, ఒక పగలూ రాత్రీ కూడా పట్టవచ్చు. దీనికి ఇంతకాలమని గీటు గీయలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన సూచనలలో పేర్కొన్నది. మూతి 5 సెంటీమీటర్లు తెరుచుకున్న తరువాతనే నొప్పులు ముదిరిన రెండవ భాగం ఆరంభమైనట్లు లెక్క. అక్కడినుండి తొలి కాన్పులో సాధారణంగా 12 గంటలు, తరువాతి కాన్పులలో 10 గంటలు దాటదు.

ఈ లెక్క చిన్న విషయం కాదు. 1954లో అమెరికాలో ఇమాన్యుయేల్ ఫ్రీడ్‌మన్ అనే వైద్యుడు కాన్పు సాగే తీరును గీతగా గీసి చూపినారు. ఆ పరిశోధనల ప్రభావంతో మూతి గంటకొక సెంటీమీటరు చొప్పున తెరుచుకొనితీరాలన్న నియమం ప్రసూతి వార్డులలో దశాబ్దాలపాటు చెల్లినది. ఆ వేగం అందరికీ వర్తించదనీ, కేవలం దాని ఆధారంగా తొందరపడరాదనీ 2018 సూచనలు చెప్పినవి. మన రాష్ట్రంలో దీని అవసరం మరీ ఎక్కువ. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు శస్త్రచికిత్సతో జరుగగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 అలా జరిగినవి. ఇందుకు ముహూర్తాలు, డబ్బు, భయం మొదలైన కారణాలెన్నో ఉన్నవి. అయితే ఒక కారణం మన చేతిలో ఉన్నది. నెమ్మదిగా సాగే భాగంలోనే హడావుడిగా పోయి మంచమెక్కి, ఆరు గంటలు గడిచేసరికి "ఇంకా కాలేదేమి, కోసి తీసేయండి" అని వైద్యుల మీద పడేది మనమే. అవసరమైన శస్త్రచికిత్స ప్రాణదాత. దానిని ఎవరూ కాదనరు. అక్కరలేని కోత మాత్రం తరువాతి కాన్పును కూడా చిక్కులలో పెడుతుంది.

మరి ఆ నెమ్మది గంటలలో ఇంటివద్ద ఏమి చేయాలి? ఏ చిక్కూ లేని గర్భిణి అయితే ఇడ్లీ, జావ, మజ్జిగ వంటి తేలిక ఆహారం తీసుకోవచ్చు. నీరు త్రాగుతూ ఉండాలి. రెండు గంటలకొకసారి మూత్రానికి వెళ్లాలి. పగలైతే ఇంటిలోనే మెల్లగా నడవాలి, రాత్రి అయితే ఎడమ ప్రక్కకు తిరిగి నిద్రకు ప్రయత్నించాలి. గోరువెచ్చని నీటితో స్నానం, నడుము మీద అదిమిపట్టే ఒక చేయి - వీటి వల్ల కలిగే ఉపశమనం తక్కువది కాదు. ఆముదం పట్టించడం, పొట్ట పైనుండి నొక్కడం కూడదు. అన్నిటికంటె ప్రమాదకరమైనది, తొందరగా కావాలని ఊరిలో ఎవరిచేతనో నొప్పులు పెంచే సూది వేయించడం. ఆ మందు మోతాదు మించితే బిడ్డకు ప్రాణవాయువు అందదు, గర్భసంచి చిట్లవచ్చును. ఆసుపత్రిలో చుక్కలు లెక్కించి ఎక్కించే మందు అది.

తోడు మనిషి గురించి కూడా చెప్పాలి. 15 వేలకు పైగా స్త్రీలు పాల్గొన్న 26 అధ్యయనాలను 2017లో కలిపి చూసినప్పుడు, కాన్పు పొడుగునా ఒక మనిషి తోడున్నవారికి శస్త్రచికిత్సల అవసరం తగ్గినట్లు, నొప్పులు పడే కాలం కూడా కొంత తగ్గినట్లు తేలినది. ప్రభుత్వ ఆసుపత్రులలో తోడుగా ఒకరిని అనుమతించాలని కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చినది. మన జచ్గీఖానాలలో ఇది అన్నిచోట్లా అమలు కావాలని మా కోరిక.

బయలుదేరవలసిన వేళ ఏదనగా: తొలి కాన్పు అయితే, అయిదు నిమిషాలకొక నొప్పి, ఒక్కొక్కటి నిమిషం పాటు, గంటసేపు అదే తీరున వచ్చినప్పుడు. రెండవ, మూడవ కాన్పులు వేగంగా సాగుతాయి గనుక, ఆసుపత్రి దూరమైతే మరీ, అంతకు ముందే కదలాలి. నూటికి ఎనిమిది పదిమందికి నొప్పుల కంటె ముందే ఉమ్మనీరు పోతుంది. అప్పుడు వేళను, నీటి రంగును గుర్తుంచుకొని నొప్పులు లేకపోయినా వెళ్లాలి. కొన్ని సందర్భాలలో గడియారం చూడనే కూడదు. రక్తం కారినా, ఉమ్మనీరు ఆకుపచ్చగా ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ, జ్వరం కనిపించినా, 37 వారాలు నిండకముందే నొప్పులు వచ్చినా, వెనుకటి కాన్పు శస్త్రచికిత్సతో జరిగినా, బిడ్డ అడ్డంగానో ఎదురుకాళ్లతోనో ఉన్నదని ముందే చెప్పి ఉన్నా వెంటనే బయలుదేరవలసినదే. బొడ్డుతాడు బయటకు జారితే ఒక్కొక్క నిమిషం లెక్క. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన 108 వాహనం ఇందుకే ఉన్నది.

తల్లుల మరణాలకు దారితీసే జాప్యాలు మూడు అని 1994లో ఇద్దరు పరిశోధకులు, థాడియస్, మైన్ వివరించినారు: నిర్ణయంలో జాప్యం, ప్రయాణంలో జాప్యం, ఆసుపత్రిలో వైద్యం అందడంలో జాప్యం. వీటిలో మొదటిది పూర్తిగా ఇంటిలోనిదే. "పెద్దాయన రానీ", "తెల్లవారనీ" అన్న మాటలే ఆ జాప్యం. నీలోఫర్ రాకుమారికి ఆప్తురాలైన ఒక పరిచారిక ప్రసవంలో మరణించడమే హైదరాబాదులో 1953లో వెలసిన నీలోఫర్ వైద్యశాలకు ప్రేరణ అని చెబుతారు. తెలంగాణలో 2018-20 నాటి లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు 43 మంది తల్లులు మరణించినారు. దేశంలో ఆ సంఖ్య 97. తక్కువే గదా అనవచ్చు. ఆ 43 ఇండ్లలో అనలేరు.

ఆసుపత్రికి చేరగానే రక్తపు పోటు చూస్తారు, బిడ్డ గుండె కొట్టుకోవడం లెక్కిస్తారు. నిమిషానికి 110 నుండి 160 వరకు ఉండాలి. గర్భసంచి మూతి ఎంత తెరుచుకున్నదో పరీక్షిస్తారు. ఇంకా రెండు మూడు సెంటీమీటర్లేనని, అంతా బాగున్నదని, ఇంటికి పోయి రమ్మనో వరండాలో నడవమనో చెబితే దానిని అవమానంగా తీసుకోరాదు. ఇల్లు దూరమైతే ఆ మాట చెప్పి అక్కడే ఉండవచ్చు. సాధారణంగా నాలుగు గంటలకొకసారి తిరిగి పరీక్ష చేస్తారు. అప్పుడు వెంట వచ్చినవారు నర్సమ్మను మర్యాదగా అడగవలసినవి మూడు: మూతి ఎంత తెరుచుకున్నది? బిడ్డ గుండె ఎలా ఉన్నది? మరల ఎప్పుడు చూస్తారు?