ఆడపిల్ల.. ఈడ పిల్లే!

పుట్టిల్లు ఓ రాష్ట్రం, మెట్టినిల్లు మరో రాష్ట్రం.. తోబుట్టువుల మధ్య ఓ సంతకం

హోసూరు: 'ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు'. హోసూరు, కుప్పం, మాలూరు వైపు పెద్దల నోట ఇప్పటికీ వినిపించే మాట ఇది. ఆడ అంటే అక్కడ, ఈడ అంటే ఇక్కడ. పెళ్ళయి వెళ్ళిన పిల్ల అక్కడి మనిషే తప్ప ఇక్కడి మనిషి కాదని అర్థం. చట్టం ఈ మాటకు ఎప్పుడో చెల్లుచీటీ ఇచ్చింది. ఇళ్ళల్లో మాత్రం ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది. పండక్కి పిలిచేటప్పుడు ఆడపడుచు 'మన పిల్ల'. పొలం పంచేటప్పుడు 'పరాయి పిల్ల'. ఈ రెండు మాటల మధ్య నలిగి పలకరింపులు మానుకున్న అన్నాచెల్లెళ్ళు సరిహద్దు పల్లెల్లో తక్కువేం లేరు.

మేనరికం పోయింది.. లెక్క మారింది

రాష్ట్రాల మధ్య గీతలు పెళ్ళి సంబంధాలకు ఎన్నడూ అడ్డు కాలేదు. బాగలూరు పిల్లను కుప్పానికి, వేపనపల్లి పిల్లను మాలూరుకు, ముళబాగిలు పిల్లను పలమనేరుకు ఇవ్వడం తరాలుగా ఉన్నదే. బళ్ళారి వాళ్ళకు రాయదుర్గం, గుంతకల్లు, బరంపురం వాళ్ళకు ఇచ్ఛాపురం, సిరోంచ వాళ్ళకు ప్రాణహిత అవతలి ఊళ్ళు కూడా ఇలాంటివే. మాట ఒక్కటే, వంట ఒక్కటే. పొంగల్‌కు సీరు పంపినా, గౌరీ పండక్కి బాగిన ఇచ్చినా, సారె పెట్టినా పేరే వేరు, ప్రేమ ఒకటే.

అప్పట్లో మేనరికాలు ఎక్కువ. అక్క కూతుర్ని తమ్ముడు చేసుకునేవాడు. మేనత్త కొడుక్కి మేనమామ కూతుర్ని ఇచ్చేవారు. పిల్లా, పొలమూ రెండూ ఆ చుట్టరికంలోనే తిరిగేవి. అందుకే కూతురికి వాటా ఇవ్వాలన్న ప్రశ్న పెద్దగా లేచేది కాదు. ఇప్పుడు చదువులు పెరిగాయి. దగ్గరి సంబంధాలు వద్దని డాక్టర్లు చెబుతున్నారు. బెంగళూరు ఉద్యోగాలతో కొత్త ఊళ్ళ సంబంధాలు వస్తున్నాయి. పిల్ల దూరం వెళ్ళింది. ఆమె వెనుక రాని పొలానికి ఇక్కడ విలువ పెరిగింది. సిప్కాట్ వచ్చాక, బెంగళూరు ఇక్కడిదాకా పాకాక హోసూరు చుట్టూ రాగి చేలు లేఔట్లయ్యాయి. తాత కాలంలో ఎవరూ అడగని రెండెకరాలకు ఇప్పుడు అందరి సంతకాలూ కావాలి.

ఒకే ఇల్లు.. పెళ్ళి తేదీని బట్టి హక్కు

1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి సొంత ఆస్తిలో, ఆయన వీలునామా రాయకుండా పోతే, కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో మాత్రం పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే ఉండేది. కూతురికి దక్కేది తండ్రి భాగంలో ఓ తునక.

దీన్ని ఒక్కో రాష్ట్రం ఒక్కో ఏడాది మార్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికి జన్మహక్కు ఇచ్చింది. తమిళనాడులో అది 1989 మార్చి 25 నుంచి వచ్చింది. మహారాష్ట్రలో 1994 జూన్ 22 నుంచి, కర్ణాటకలో అదే ఏడాది జులై 30 నుంచి అమలైంది. ఒడిశా ఆడపడుచులు కేంద్ర చట్టం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. నాలుగు రాష్ట్రాల సవరణల్లోనూ ఒకటే మెలిక. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతురికి హక్కు లేదు.

హోసూరు పక్కన ఓ ఇల్లు అనుకుందాం. పెద్దమ్మాయిని 1985లో కుప్పం ఇచ్చారు. చిన్నమ్మాయిని 1992లో మాలూరు ఇచ్చారు. పొలం తమిళనాడులో ఉంది. ఆ లెక్కన చిన్నామెకు హక్కుంది, పెద్దామెకు లేదు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరికి పెళ్ళి ముహూర్తం హక్కును తేల్చిందన్నమాట.

2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఈ తేడాను తుడిచేసింది. పెళ్ళయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానం. అప్పటికి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీ మరో పదిహేనేళ్ళు నడిచింది. వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నీ తేల్చింది. హక్కు పుట్టుకతోనే వస్తుంది కాబట్టి తండ్రి అప్పటికి ఉన్నాడా లేడా అన్నది చూడనక్కర్లేదని చెప్పింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలు, కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలు, అప్పటికే జరిగిన అమ్మకాలు కదలవు. 'మేం నోటి మాటతో ఎప్పుడో పంచేసుకున్నాం' అంటే మాత్రం గట్టి ప్రభుత్వ కాగితాలు చూపాల్సిందే.

చదవలేని కాగితం

హక్కు వచ్చింది. దాన్ని వదులుకోమని అడిగే కాగితమూ వచ్చింది. 'అక్కా, ఆఫీసుకొచ్చి ఓ సంతకం పెట్టు. మధ్యాహ్నం ఇంట్లో భోంచేసి పోదువు' అంటూ ఫోను. అక్క బస్సెక్కి వస్తుంది. తమ్ముడు అడిగాడు, పుట్టిల్లు కావాలి. సంతకం పెట్టకపోతే రేపు పండక్కి పిలుస్తారో లేదో అని భయం. ఏం రాశారని అడిగితే అనుమానించినట్టవుతుందని మొహమాటం.

అడిగినా ఆమె చదవలేదు. హోసూరు వైపు పాత తరం ఆడవాళ్ళలో బడికెళ్ళిన వాళ్ళు చాలామంది తెలుగు మీడియంలో చదివారు. పుట్టింటి పొలం దస్తావేజు తమిళంలో ఉంటుంది. బళ్ళారి వైపు పొలమైతే కన్నడంలో ఉంటుంది. తమిళనాట 'విడుదలై పత్రం', కన్నడనాట 'హక్కు ఖులాసె' అనే ఆ కాగితం అర్థం ఒక్కటే. ఈ ఆస్తిలో నా వాటా వదులుకున్నాను అని. అది రిజిస్టరైతే వెనక్కి తిప్పుకోవడం చాలా కష్టం. మోసంతో రాయించుకున్నారని కోర్టులో రుజువు చేయాలి. ఎన్నో ఇళ్ళల్లో అక్కకు అసలు సంగతి తెలిసేది పొలం అమ్ముడుపోయాకే. డబ్బు పోయినందుకంటే, చెప్పకుండా రాయించుకున్నారన్న బాధే ఆమెను పుట్టింటి గడప తొక్కనివ్వదు.

తమ్ముడి మాటా ఉంది

అలాగని తమ్ముళ్ళందరూ మోసగాళ్ళు కాదు. ఊళ్ళో ఉండిపోయింది అతనే. బోరు ఎండితే అప్పు చేసిందీ, నాన్న మంచాన పడితే ఆస్పత్రికి తిప్పిందీ, అక్కల పెళ్ళిళ్ళ బాకీ తీర్చిందీ అతనే. 'కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద బంగారం పెట్టాం, ఇంకేం వాటా' అని అడుగుతాడు. చట్టం దృష్టిలో ఆ వాదన నిలవదు. కట్నం 1961 నుంచే నేరం. ఇచ్చినంత మాత్రాన వాటా తీరిపోదు. అయినా రెండెకరాలు మూడు ముక్కలైతే ఎవరికీ పంట రాదన్న అతని భయం నిజమే. అందుకే పొలం అతనికే వదిలి విలువ కట్టి డబ్బో, ఇంటి స్థలమో తీసుకునే అక్కలున్నారు. తెలిసి వదులుకున్నామని సంతోషంగా చెప్పే అక్కలూ ఉన్నారు. తెలిసి ఇచ్చింది ప్రేమ. తెలియకుండా తీసుకున్నది తగాదా.

ఇంకో మార్పూ చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు తమిళనాడులో 1.8, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలో 1.7. ఒక్క కూతురితో ఆగిన ఇళ్ళు పెరుగుతున్నాయి. అల్లుడింట్లో ఉండటం నామోషీ అనుకున్న పెద్దలు ఇప్పుడు బెంగళూరులో కూతురి దగ్గరే మందులు వేసుకుంటున్నారు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కూడా కన్నవాళ్ళను చూసుకునే బాధ్యత కొడుకుతో పాటు కూతురిపైనా పెట్టింది. బాధ్యతలో ఈడ పిల్ల అయినప్పుడు వాటాలో ఆడ పిల్ల ఎలా అవుతుంది?

సంతకానికి ముందు..

* కాగితం కాపీ ముందే అడిగి తీసుకోవాలి. పుట్టింటి వాళ్ళు కుదిర్చిన రైటర్ కాకుండా, ఆ భాష తెలిసిన సొంత మనిషితో చదివించుకోవాలి.

* ఉమ్మడి ఆస్తా, నాన్న సొంత సంపాదనా అన్నది తేల్చుకోవాలి. తమిళనాడులో పట్టా, చిట్టా, కర్ణాటకలో పహణి, ఆంధ్రలో అడంగల్ చూస్తే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది.

* తమిళనాట వారసుల సర్టిఫికెట్‌లో, కన్నడనాట వంశవృక్షంలో ఆడపిల్లల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

* రాలేక 'పవర్' ఇస్తే, అందులో అమ్మే అధికారం ఉందేమో చూడాలి.

* పెద్దవాళ్ళు ఆస్తి పిల్లలకు రాసిచ్చేటప్పుడు, తమను చూసుకోవాలన్న షరతును పత్రంలోనే రాయించాలి. మాట తప్పితే 2007 చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్ళి ఆ పత్రాన్ని రద్దు చేయమని కోరవచ్చు.

* ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళందరికీ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ అంత విలువ ఉంటుంది.

మనవరాలు చదివి పెడుతుంది

వీటన్నిటికంటే మేలైన దారి, అమ్మానాన్నా కళ్ళ ముందు ఉండగానే అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడటం. ఎవరికి ఏం ఇస్తున్నారో, ఎందుకు ఇస్తున్నారో పెద్దాయన నోటితో చెబితే సగం తగాదాలు పుట్టవు. మిగతా సగం కాగితం తెలియకపోవడం వల్ల వచ్చేవి. ఇక్కడే కొత్త తరం అక్కరకొస్తోంది. తమిళనాడులో 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయ్యింది. ఆ బడుల్లో చదివిన పిల్లలకు తెలుగు అక్షరాలు సరిగా రావని ఇళ్ళల్లో ఓ బాధ ఉంది. కానీ అవ్వ చదవలేని దస్తావేజును ఆ పిల్లలే చదవగలరు. చదివి, ఇంటి తెలుగులో అర్థం చెప్పగలరు. పొలం రాసేరోజు రిజిస్ట్రారు ఆఫీసుకు అవ్వతో పాటు మనవరాలు కూడా వెళ్తే చాలు. ఆ పిల్ల ప్రతి వాక్యం చదివాకే అవ్వ పెన్ను పట్టుకోవాలి. అప్పుడు పెట్టినా సంతకమే, పెట్టకపోయినా పుట్టిల్లే.