41 శాతం అంటే వంద మందిల 41 మంది కాదు

గడ్డి మందు మీద చేసిన పోయిన వీడియోల "గ్లైఫోసేట్ ఎక్కువ కొట్టినోళ్లకు క్యాన్సర్ ముప్పు 41 శాతం ఎక్కువ" అన్నాను. అంతటితో ఆపడం నా తప్పు. తెల్లారే ఆదిలాబాద్ దిక్కు నుంచి ఒక పత్తి రైతు ఫోన్ చేసిండు. "అన్నా, పదేండ్ల సంది కొడుతున్న. వంద మందిల 41 మందికి వస్తదంటివి. ఇగ నా వంతు వచ్చినట్టేనా?" ఆయన గొంతు విన్నాక ఈ వీడియో చేయక తప్పలేదు.

ఆ లెక్క 2019లో అమెరికా శాస్త్రవేత్తలు పాత అధ్యయనాలు కలిపి చూసి చెప్పింది. అన్ని క్యాన్సర్లకు కాదు, నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా అనే ఒక్కదానికి. అమెరికాలో బతుకంతా లెక్కేస్తే వెయ్యి మందిలో సుమారు 20 మందికి ఆ జబ్బు వస్తుంది. 41 శాతం పెరిగేది ఆ 20 మీద. అంటే దాదాపు 28. వెయ్యికి ఎనిమిది మంది ఎక్కువ. మన దేశంలో ఈ జబ్బు అసలే తక్కువ, కాబట్టి పెరిగే మంది ఇంకా తక్కువ.

గులాబీ రంగు పురుగు రెట్టింపైందని ఎవరన్నా చెప్తే మనం ఏం అడుగుతం? ఎన్ని కాయల్లో ఉండె, ఎన్నింటికి పోయిందని. వంద కాయల్లో ఒకటి రెండైనా రెట్టింపే, 20 కాయలు 40 అయినా రెట్టింపే. రెండూ ఒకటేనా?

ఇంకోటి కూడా చెప్పాలె. ఆ కలిపిన అధ్యయనాల్లో అన్నిటికన్నా పెద్దదాంట్లో, 54 వేల మంది మందు కొట్టేవాళ్లను చూస్తే, ఈ సంబంధం మొత్తం మీద కనపడలేదు. మనకు నచ్చలేదని దాచిపెడితే రేపు మన మాట ఎవరు నమ్ముతరు?

"అయితే కొట్టొచ్చా?" అంటరేమో. లక్ష మంది కొడితే ఆ లెక్కన 800 మంది, అది చిన్నదేం కాదు. నేనైతే కొట్టను. 2022లో కేంద్రం కూడా శిక్షణ ఉన్న తెగుళ్ల నివారణ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడొద్దన్నది.

కానీ నాకు అసలు భయం వేరే. ఏం మందులు కొడుతున్నవని ఆ రైతును అడిగితే, రెండు రకాల పురుగు మందులు కలిపి, మూతికి తువ్వాల కట్టుకొని కొడుతున్నడట. 2017లో పెన్‌గంగ అవతల యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయిండ్రు. వందల మంది దవాఖాన్ల పడ్డరు. పదేండ్ల తర్వాత వచ్చే జబ్బు కాదది, ఆ సీజన్లనే.

అరగంట మాట్లాడినం. ఈ వానాకాలం రెండెకరాల్లో గడ్డి మందు బందు పెట్టి గుంటుక తోలుతా అన్నడు. వచ్చే వీడియో ఆ చేనులనే.