ఉంగరం కింద చర్మం

ఉంగరం తీసి వాసన చూస్తే ఒక్కోసారి పులిసిన కంపు కొడుతుంది. చాలామందికి ముందు అనుమానం వచ్చేది బంగారం మీదే, రాగి ఎక్కువ కలిసిందేమోనని. బంగారానికి వాసన లేదు. 916 నగలో 91.6 శాతం బంగారం పోగా మిగిలేది చాలావరకు రాగి, వెండి. ఇనుప వస్తువు పట్టుకున్న చేతికి అంటే వాసన కూడా లోహానిది కాదు. చర్మంలోని కొవ్వు పదార్థాలు ఇనుము తగిలి విడిపోవడంతో అది పుడుతుందని 2006లో శాస్త్రవేత్త డీట్మార్ గ్లిండెమాన్ బృందం తేల్చింది. పులిసిన కంపు పుట్టేది మాత్రం ఉంగరానికీ వేలికీ మధ్య ఉన్న సన్నని సందులో. చెమటకు దానికదిగా పెద్దగా వాసన ఉండదు. చెమట, సబ్బు నురగ, రాలిన చర్మపు పొట్టు అక్కడ తడితడిగా నిలిస్తే బ్యాక్టీరియా వాటిని తిని వాసన పుట్టిస్తుంది. జాతిరాయి ఉంగరాల్లో ఇది మరీ ఎక్కువ. రాయి చర్మానికి తగలాలని అడుగు తెరిచి కట్టిస్తారు కదా, పప్పూ నెయ్యీ కలిపిన చేతిని హడావిడిగా కడిగితే ఆ గుంటలో పసుపుపచ్చని మడ్డి గట్టిపడి కూర్చుంటుంది.

శానిటైజర్ రాస్తున్నాం కదా అంటారు. అది క్రిములను చంపగలదే కానీ మడ్డిని ఊడదీయలేదు. పైగా ఉంగరం కింద చర్మం మీద క్రిములు ఎక్కువగా ఉంటాయని పరిశోధనల్లో తేలడం వల్లే, రోగులకు సేవ చేసేటప్పుడు ఉంగరాలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో చెప్పింది. ఇంట్లో అంత కట్టడి అక్కర్లేదు. ఉంగరం తీసి వేలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరాక పెట్టుకుంటే చాలు. కడగడం కన్నా ఆరబెట్టడమే ముఖ్యం, మనం మరిచేదీ అదే. నగను గోరువెచ్చని కుంకుడు రసంలో నానబెట్టి మెత్తని బ్రష్‌తో రుద్దితే మడ్డి వదులుతుంది. ముత్యం, పగడం ఉన్నవాటిని మాత్రం నానబెట్టకూడదు.

వేలు ఎర్రబడి దురదపెడితే నికెల్ అలర్జీ అనుకోవడం సహజం. అది నిజంగా ఉన్నదే, కానీ అలాంటివారికి చవక కమ్మలు పెట్టిన చెవి దగ్గరా, జీన్స్ గుండీ తగిలే బొడ్డు దగ్గరా కూడా దద్దుర్లు రావచ్చు. ఉంగరం చుట్టూనే ఉంటే సబ్బు నిలిచి చర్మం ఒరిసి ఉండవచ్చు. కాలి మెట్టెల కిందా ఇలాగే తడి నిలుస్తుంది. అవి తీయకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్లలో వాటిని పూర్తిగా తీయనక్కర్లేదు. స్నానమయ్యాక కాస్త పైకి జరిపి, కిందా వేళ్ల సందుల్లోనూ తడి లేకుండా ఒత్తాలి. అక్కడ చర్మం తెల్లగా నాని, పగిలి, దురద తగ్గకపోతే అది ఫంగస్ కావచ్చు. మధుమేహం ఉన్నవాళ్లు అప్పుడిక ఆగకుండా డాక్టరుకు చూపించుకోవాలి.