కుక్క చర్మము ఎండి దురద పెట్టుచున్నచో ఇంటివద్ద చేయదగిన ఉపచారములు



గడచిన శీతకాలమున హసన్‌పర్తి మండలములోని ఒక గ్రామమున పత్తి రైతుల సమావేశము ముగిసిన పిదప, ఒక పెద్దమనిషి నన్ను ప్రక్కకు పిలిచి ఇట్లడిగెను: "సారూ, పత్తికి కొట్టిన మందు సీసాల ఇంత మిగిలింది. మా కుక్క రాత్రంతా గోక్కుంటనే ఉన్నది. ఒంటికి రుద్దితే తక్కువైతదా?" ఆ సీసాను తెప్పించి చూచితిని. దానిపై ఎర్ర త్రికోణపు గుర్తు గలదు. అది మిక్కిలి విషపూరితమని తెలుపు గుర్తు. ఆ మందు రుద్దియుండినచో ఆ కుక్క తెల్లవారువరకు బ్రదుకుట కష్టము. రుద్దిన మనిషికిని అపాయమే.

నేను పంటల సాగు బోధించువాడనే గాని పశువైద్యుడను కాను. అయినను ఇదే ప్రశ్న పలువురు రైతులు అడుగుచున్నందున, పశువైద్య శాస్త్రము చెప్పు విషయములలో ఇంటివద్ద ఆచరించుటకు వీలైనవాటిని ఇచ్చట వివరించుచున్నాను. గొర్రెల మందను కాయుటకును, చేలలోనికి కోతులు, అడవిపందులు రాకుండ చూచుటకును, రాత్రివేళ కల్లమువద్ద కావలికిని మనకు కుక్కయే ఆధారము. దురదతో నిద్రలేని కుక్క కావలి కాయలేదు.

చర్మము ఏల ఎండును?

మనిషి పైచర్మములో సుమారు 10 నుండి 15 వరుసల కణములుండగా, కుక్క పైచర్మములో 3 నుండి 5 వరుసలే యుండును. దానిని కాపాడునది ముఖ్యముగా వెండ్రుకలు, వాటి మొదళ్లలో ఊరు జిడ్డు. ఆ జిడ్డు పోయినచో చర్మములోని తేమయు పోవును. అప్పుడు పొట్టు రాలును, దురద పుట్టును. గోకగా గోకగా పుండు పడును.

ఇందుకు ముఖ్యమైన కారణములు నాలుగు: చలికాలపు పొడిగాలి, ఎండకాలపు వడగాలి మొదటిది. తగని సబ్బుతో మాటిమాటికి కడుగుట రెండవది. ఆహారములో కొవ్వు, మాంసకృత్తులు చాలకుండుట మూడవది. పురుగులు, గజ్జి, తామర మొదలగు వ్యాధులు నాలుగవది. పల్లెలలో ఈ నాలుగవ కారణమే తరచుగా కనబడును. అట్టి కుక్కకు నూనె పూసినను, ఎన్ని స్నానములు చేయించినను గుణము కనిపించదు. కావున ముందుగా దానిని పరీక్షింపవలెను.

పరీక్షించు విధము

1. తెల్లని గుడ్డను తడిపి నేలపై పరచుడు. కుక్కను దానిపై నిలబెట్టి, పేలదువ్వెనతో నడుము, తోక మొదలు భాగములను దువ్వుడు. నల్లని రేణువులు రాలి, తడిగుడ్డపై ఎర్రగా మారినచో అవి ఫ్లీలు అను గెంతుచు పోవు చిన్న పురుగుల మలము. అవి త్రాగిన రక్తమే ఆ ఎరుపు.

2. చెవి అంచును రెండు వ్రేళ్ల నడుమ పట్టి మెల్లగా రుద్దుడు. కుక్క వెంటనే వెనుకకాలితో గోకుచున్నట్లు ఆడించినచో గజ్జి యున్నదని అనుమానింపవలెను. చెవుల అంచులు, మోచేతులు, పొట్టక్రింది భాగము ముందుగా పొరలు కట్టుట దీని లక్షణము. ఈ గజ్జి మనుష్యులకును అంటుకొనును.

3. వెండ్రుకలు గుండ్రముగా రాలి చుట్టును పొట్టు కట్టినచో తామర కావచ్చును. ఇదియు మనుష్యులకు, ముఖ్యముగా పిల్లలకు అంటును.

4. చెవులలోపల, కాలివ్రేళ్ల సందులలో, మెడక్రింద గోమార్లు ఉన్నవేమో చూడుడు. ఉన్నచో చిన్న చిమటాతో చర్మమునకు ఆనించి పట్టి నిట్టనిలువుగా లాగి, సబ్బునీటిలో వేయుడు. వ్రేళ్లతో నలుపరాదు. బీడీతో కాల్చరాదు.

పరీక్షించు ముందు కుక్క మూతిని మెత్తని గుడ్డతో కట్టుట మంచిది. తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనుడు. కుక్క కరచినను, గీరినను గాయమును 15 నిమిషములు సబ్బుతోను, ధారగా పడు నీటితోను కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకొనవలెను. ఇంటి కుక్క కదాయని ఉపేక్షింపరాదు.

స్నానము

నేలల పరీక్షలో పి.హెచ్. సంఖ్యను మీరు విని యుందురు. మన చర్మపు పి.హెచ్. సుమారు 5.5. కుక్క చర్మమునది 7కు దగ్గరగా నుండును. బట్టల సబ్బుది 9 నుండి 10 వరకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుండును. చౌడునేలలో పైరు ఎట్లు ఎండునో, బట్టల సబ్బుతో కడిగిన కుక్క చర్మమట్లే ఎండును. మనము వాడు షాంపు కూడ దానికి తగినది కాదు. కుక్కలకు ప్రత్యేకముగా చేసిన షాంపునే వాడవలెను.

చర్మము ఎండిన కుక్కకు వైద్యుడు వేరుగా చెప్పననిచో రెండు వారములకు ఒకసారి కంటె ఎక్కువ స్నానము అవసరము లేదు. చలికాలమున మధ్యాహ్నపు ఎండలో గోరువెచ్చని నీటితో చేయించుడు. వేడినీరు దురదను పెంచును. నురుగు ఏ మాత్రమును మిగులకుండ కడిగి, మెత్తని గుడ్డతో అద్ది తడి తీయుడు. గట్టిగా రుద్దరాదు.

దురద తగ్గుటకు ఓట్స్ స్నానము మేలు చేయును. చక్కెర, ఉప్పు, మసాలా కలుపని ఓట్స్‌ను మెత్తని పిండిగా విసరుడు. ఒక చెంచా పిండిని గ్లాసుడు నీటిలో వేసి కలిపినప్పుడు నీరు పాలవలె తెల్లబడినచో పిండి సరిగా నలిగినదని అర్థము. బకెట్టు గోరువెచ్చని నీటికి ఒక కప్పు పిండి కలిపి, ఆ నీటిని ఒంటిపై పోయుచు 10 నిమిషములు తడి ఆరకుండ చూచి, తరువాత మంచినీటితో కడుగుడు. పుండ్లు, చీము ఉన్నచో ఈ పని చేయక వైద్యునికి చూపుడు.

ఆహారము

మన ఇండ్లలో కుక్కకు మిగిలిన అన్నము, గంజి, మక్కగటుక, రొట్టెముక్కలే పెట్టుట వాడుక. వీటివలన కడుపు నిండునే గాని చర్మమునకు కావలసిన మాంసకృత్తులు, కొవ్వు చాలవు. లినోలీక్ ఆమ్లము అను కొవ్వు పదార్థమును కుక్క శరీరము తనంత తాను తయారుచేసికొనలేదు. అది తక్కువైనచో వెండ్రుకలు కాంతి తగ్గి చర్మము పొట్టు రాలును. పొద్దుతిరుగుడు, కుసుమ, మక్క నూనెలలో ఇది సమృద్ధిగా నుండును. 10 కిలోల బరువుగల కుక్కకు రోజునకు ఒక చిన్న చెంచా నూనెను అన్నములో కలుపవచ్చును. మొదట కొద్ది చుక్కలతో ప్రారంభించి వారము దినములలో ఈ మోతాదునకు తేవలెను. విరేచనములైనచో మానవలెను. కొబ్బరినూనెలో లినోలీక్ ఆమ్లము మిక్కిలి తక్కువ. కావున ఆహారములో అది వీటికి బదులు కాజాలదు.

ఉడికించిన గ్రుడ్డు, ముల్లు తీసిన ఉడికించిన చేప, ఎముక లేని మాంసము వీలైనంతవరకు పెట్టుడు. పచ్చి గ్రుడ్డు తెల్లసొన ఎడతెగక పెట్టినచో చర్మమునకు కావలసిన బయోటిన్ అను విటమిను శరీరమునకు అందదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ పెట్టరాదు. అవి కుక్కకు విషము. ఆహారము మార్చిన ఫలితము తెలియుటకు నాలుగు నుండి ఎనిమిది వారములు పట్టును. కావున తొందరపడరాదు.

ఇచ్చట వరి రైతులకు తెలిసిన ఒక విషయమును జ్ఞాపకము చేయుదును. భాస్వరము మితిమీరి వేసిన పొలములో జింకు ఉన్నను పైరుకు సరిగా అందక, ఆకులపై తుప్పురంగు మచ్చలు పడును. అట్లే ధాన్యములలో, ముఖ్యముగా తవుడులో ఫైటేటు అను భాస్వర పదార్థము కలదు. అది కుక్క ప్రేగులలో జింకును పట్టియుంచును. ధాన్యమే ఆహారముగా పెరుగు కుక్కపిల్లలకు నోటిచుట్టు, కండ్లచుట్టు, పాదములపై పొరలు కట్టుటకు జింకు లోపము ఒక కారణము. ఇట్లన్నందున పొలమునకు తెచ్చిన జింకు సల్ఫేటును కుక్కకు పెట్టరాదు. మోతాదు మించిన జింకు ప్రాణాపాయము. కావలసిన మందును వైద్యుడే నిర్ణయించవలెను.

పడక, పరిసరములు

కుక్క ఒంటిపై కనబడు ఫ్లీలు మొత్తములో కొద్దిభాగము మాత్రమే. మిగిలినవి గ్రుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్లుగా అది పడుకొను గోనెపట్టాలోను, దుమ్ములోను ఉండును. వెచ్చని వాతావరణమున మూడు నాలుగు వారములలో కొత్త తరము బయలుదేరును. గూటిలోని పురుగు నెలలకొలది వేచియుండగలదు. ఆడ గోమారి కడుపునిండ రక్తము త్రాగి, క్రిందపడి, గోడ పగుళ్లలో వేలకొలది గ్రుడ్లు పెట్టును. కావున కుక్కకు మాత్రమే మందు వేసి ఊరకుండినచో ప్రయోజనము లేదు. పడకగుడ్డలను వారమునకొకసారి వేడినీట ఉడికించి ఎండలో ఆరవేయవలెను. పాత గోనెపట్టాను కాల్చివేయవలెను. నేల ఊడ్చి, గోడ పగుళ్లు పూడ్చవలెను. ఇంటిలోని కుక్కలన్నిటికి ఒకేసారి చికిత్స చేయించవలెను.

చేయరాని పనులు

పురుగుమందులు, వాడిన ఇంజను నూనె, కిరసనాయిలు, ఫినాయిలు, పొగాకు కషాయము ఏవియు కుక్కకు పూయరాదు. కుక్క ఒళ్లు నాకుకొను జంతువు. ఒంటికి పూసినది కొంతసేపటికి దాని కడుపులోనికే పోవును. ఒకప్పుడు బి.హెచ్.సి. పొడిని పశువులకు, కుక్కలకు చల్లెడివారు. దానిని మన దేశమున 1997లో నిషేధించిరి. పాత డబ్బాలు ఇంటిలో మిగిలియున్నను వాడరాదు.

గొర్రెలకు తెచ్చిన ఐవర్‌మెక్టిన్ సూదిమందును కొందరు అందాజుగా కుక్కకు వేయుదురు. కుక్కకు మోతాదు వేరు. కొన్ని జాతుల కుక్కలకు కొంచెము హెచ్చినను మెదడునకు సోకి ప్రాణము తీయును. మనుష్యుల నొప్పి మాత్రలు, దుకాణములో అడిగి తెచ్చిన స్టెరాయిడు మాత్రలు కూడ వాడరాదు.

పొరపాటున పురుగుమందు సోకినచో నోట చొంగ కారుట, కన్నీరు, వాంతి, వణుకు, ఆయాసము కనిపించును. చేతులకు తొడుగులు వేసికొని సబ్బుతో, విస్తారమైన నీటితో ఒళ్లంతయు కడుగుడు. వాంతి చేయింపబోకుడు. మందు సీసాను వెంట తీసికొని వెంటనే పశువైద్యశాలకు పొండు. సీసాపైని పేరును బట్టి వైద్యుడు విరుగుడు నిర్ణయించును.

పశువైద్యునికి ఎప్పుడు చూపవలెను?

చీము, దుర్వాసన, జ్వరము, ముక్కునుండి రక్తము, వెండ్రుకలు గుత్తులుగా రాలుట, చెవులు విదల్చుట, పుండులో పురుగులు పడుట కనిపించినను, ఇంటివారికి దురద పుట్టినను, కుక్కపిల్ల గాని చూలుకుక్క గాని అయినను ఆలస్యము చేయరాదు. పైని చెప్పిన ఉపచారములు రెండు వారములు చేసినను దురద తగ్గనిచో ఇక ఇంటివైద్యము మానవలెను.

ఆ పెద్దమనిషి కుక్క సంగతి చెప్పి ముగింతును. తడిగుడ్డ పరీక్షలో ఎర్రని మచ్చలు కనబడినవి. అది పొయ్యిప్రక్కన పాత గోనెపట్టాపై పడుకొనుచుండెను. పశువైద్యుడు కుక్క బరువు తూచి ఫ్లీలకు తగిన మందిచ్చెను. గోనెపట్టా కాల్చిరి. అన్నములో గ్రుడ్డు, చెంచాడు నూనె చేర్చిరి. ఉగాదినాటికి నడుముపై వెండ్రుకలు తిరిగి మొలచినవి. పత్తిమందు సీసాను ఆ యింటివారు పిల్లలకు, పశువులకు అందకుండ పెట్టెలో పెట్టి తాళము వేసిరి. మీ ఇంటను మిగిలిన మందు సీసాలున్నచో నేడే అట్లు చేయుడు.