మెదడు కంతిపై శరీరమునే ఉసికొల్పు చికిత్స

మెదడులో పుట్టు కంతులలో గ్లయోబ్లాస్టోమా మిక్కిలి క్రూరమైనది. శస్త్రవైద్యుడు ఎంత నేర్పుతో కోసి తీసినను దాని వేళ్లు చుట్టునున్న మంచి కణజాలములోనికి ప్రాకియే యుండును. చేనిలో తుంగ పీకిన రైతునకు ఈ బాధ తెలియును. పైమొక్క పోయినను అడుగున గడ్డ మిగులును. రేడియేషనునకు టెమొజొలొమైడు అను మందును చేర్చినచో రోగుల మధ్యస్థ జీవితకాలము 12.1 నెలలనుండి 14.6 నెలలకు పెరిగినదని 2005లో ప్రకటించిరి. లాభము అంతమాత్రమే.

శరీరమునకు స్వంత సైన్యము కలదు గదా, అది ఏమి చేయుచున్నది? శత్రువు ఆనవాళ్లను పట్టి టీ-కణములకు చూపు వేగుకణములు వేరుగా నున్నవి. కొమ్మలవలె చాచిన రూపమునుబట్టి వానిని డెండ్రిటిక్ కణములందురు. మెదడు కణజాలములో ఇవి దాదాపు లేవు. వేగు లేనిచోట సైన్యమెట్లు కదలును?

ఈ కణములను 1973లో వెల్లడించిన రాల్ఫ్ స్టైన్‌మన్ క్లోమ క్యాన్సరు పాలై, తన కణములతోనే తనకు చికిత్స చేయించుకొనెను. 2011లో నోబెల్ బహుమతి ప్రకటింపబడుటకు మూడు దినముల ముందే మరణించెను. ఆ సంగతి బహుమతి నిర్ణేతలకు అప్పటికి తెలియదు.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున పెడ్రో లోవెన్‌స్టైన్, మరియా కాస్ట్రోల బృందము ఆ వేగులను మెదడులోనికే రప్పింపబూనినది. జలుబు తెచ్చు జాతికి చెందిన ఎడినోవైరసును వృద్ధి చెందకుండ చేసి, అందు జన్యువులను వాహనమునందువలె ఎక్కించిరి. వానిలో ఒకటి హెర్పిస్ వైరసునుండి తీసినది. రోగి వాలసైక్లోవిర్ మాత్ర మ్రింగగా, ఈ జన్యువు పుట్టించు ఎంజైము ఆ మందును విషముగా మార్చి, విభజన చెందుచున్న కంతికణములను చంపును. రెండవది ఎఫ్‌ఎల్‌టీ-3ఎల్ అను ప్రోటీనును పుట్టించి వేగుకణములను పిలుచును. అవి చచ్చిన కణముల శకలములను గ్రహించి సైన్యమునకు చూపును.

2014-2019 నడుమ 18 మంది రోగులకు కంతి తీసిన వెంటనే ఆ గుంటచుట్టు సూదితో రెండు వైరసులను ఎక్కించిరి. 2023లో ప్రకటించిన ఫలితములలో మధ్యస్థ జీవితకాలము 21.3 నెలలు. చికిత్స ప్రమాదకరము కాదని తేల్చుటయే ఈ తొలి పరీక్ష ఉద్దేశము; సరిపోల్చుటకు వేరొక రోగివర్గము లేదు. కావున ఈ సంఖ్యను చూచి తొందరపడరాదు.

అసలు వింత వేరొకటి. ఇట్టి జన్యువు కొలది వారములకే మూగవోవునని నిపుణులు తలచుచుండిరి. తరువాత తీసిన కణజాలమును పరీక్షింపగా, ఎంజైము 17 నెలల వరకు కనబడినది. మాత్రలను మాత్రము ఆరంభమున రెండు విడతలే ఇచ్చి ఆపియుండిరి. మరికొన్ని విడతలిచ్చినచో ఏమగునో తేల్చుట ఇక రాబోవు పరీక్షల పని.